“నేను నిర్దోషిని” అంటే అబద్ధమా?



పోయిన నెలలో ఒక ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత మా సంఘంలోని ఒక సహోదరి ఇంటికి పోకుండా మందిరం అరుగు మీదే కూర్చుండిపోయింది. అందరూ వెళ్లేదాకా ఆగి, కొంగుతో ముఖం తుడుచుకుంటూ, “అయ్యగారూ, మా పెద్దోడి మీద అమెరికాలో కేసు పెట్టారంట” అన్నది.

ఆ పిల్లవాడిని చిన్నప్పటి నుండి ఎరుగుదును. సండే స్కూలులో ముందు వరుసలో కూర్చునేవాడు. ఎకరంన్నర తాకట్టు పెట్టి, బ్యాంకులో అప్పు తీసి వాడిని ఎం.ఎస్. చదువుకు పంపారు. అక్కడి పెద్ద దుకాణాల్లో మనిషి లేకుండా మనమే బిల్లు వేసుకునే యంత్రాలు ఉంటాయట. కొన్ని వస్తువులకు బిల్లు వేయకుండా సంచిలో వేసుకున్నాడని వాడి మీద అభియోగం. పోలీసులు బేడీలు వేసి తీసుకుపోయి, వేలిముద్రలు తీసి, కోర్టుకు రావలసిన తేదీ వ్రాసిన కాగితం చేతికిచ్చి ఆ రాత్రే వదిలారు.

“మొదటి రోజే జడ్జిగారు నేరం చేశావా లేదా అని అడుగుతారంట అయ్యగారూ. కూడా ఉండే పిల్లలేమో ‘చేయలేదు’ అనమంటున్నారు. వాడేమో అందులో కొంత తన తప్పు కూడా ఉందని నాతో ఏడ్చాడు. మరి కోర్టులో నిలబడి అబద్ధం చెప్పమనాలా?”

నేను క్షణం కూడా ఆలోచించలేదు. “అబద్ధం ఎందుకమ్మా? ఉన్నది ఉన్నట్టు ఒప్పుకోమను” అన్నాను. ప్రార్థన చేసి పంపించాను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నాకు వేదాంతంలో డిప్లొమా ఉంది గాని చట్టం చదివినవాడను కాను. తెలియని దేశపు కోర్టు గురించి, తెలిసినవాడిలాగా ఒక తల్లికి సలహా ఇచ్చాను. తెల్లవారగానే, నాతో కలిసి చదువుకుని ఇప్పుడు అమెరికాలో తెలుగు సంఘానికి పరిచర్య చేస్తున్న స్నేహితుడికి ఫోను చేశాను. ఇలాంటి పిల్లలతో కోర్టు మెట్లు ఎక్కిన అనుభవం అతనికి ఉంది. అతడు చెప్పినవీ, తరువాత నేను చదివి తెలుసుకున్నవీ ఈ నెల మీకు వ్రాస్తున్నాను. మీ ఇళ్లలో ఎంతమంది పిల్లలు ఆ దేశంలో ఉన్నారో నాకు తెలుసు.

అతడు మొదట నా మాటనే సరిదిద్దాడు. “అక్కడ జడ్జి ‘నువ్వు చేశావా’ అని అడగడు. ‘నీ మీద మోపిన ఈ నేరానికి ఏమని జవాబు పెడుతున్నావు’ అని అడుగుతాడు. జవాబు ‘గిల్టీ’ కావచ్చు, ‘నాట్ గిల్టీ’ కావచ్చు. కొన్నిచోట్ల ‘నో కాంటెస్ట్’ అని, అంటే ‘ఒప్పుకోను, వాదించను, శిక్షకు లోబడతాను’ అని కూడా అనవచ్చు.”

ఆ ‘నాట్ గిల్టీ’ అనే మాటను మనం తెలుగులో ‘నిర్దోషిని’ అంటాము. మనకు ఆ మాట వినగానే ‘నాయందు ఏ దోషమూ లేదు’ అన్నట్టు తోస్తుంది. అక్కడి కోర్టులో దాని అర్థం అంత పెద్దది కాదు. ‘ఈ నేరాన్ని ప్రభుత్వం రుజువు చేయాలని కోరుతున్నాను’ అనడమే. అది ప్రమాణం చేసి చెప్పే సాక్ష్యం కాదు. తరువాత నేరం రుజువైనా, ఆ మాట అన్నందుకు అబద్ధసాక్ష్యం కేసు పెట్టరు. విచారణ అయిన తరువాత జూరీ ఇచ్చే తీర్పు కూడా అదే మాట. ‘ఇతడు మంచివాడు’ అని జూరీ చెప్పదు, ‘నేరం రుజువు కాలేదు’ అని మాత్రమే చెబుతుంది.

‘గిల్టీ’ అనడం మాత్రం వేరు. ఆ ఒక్క మాటతో విచారణ అక్కడే ముగుస్తుంది, మిగిలేది శిక్ష. అందుకే 1969లో బాయ్‌కిన్ అనే ముద్దాయి కేసులో అమెరికా సుప్రీంకోర్టు, ఒప్పుకునేవాడు తెలిసి, తన ఇష్టంతో ఒప్పుకుంటున్నాడని రికార్డులో కనబడాలని తీర్పు చెప్పింది. నీవు పోగొట్టుకునే హక్కులు నీకు తెలుసా, ఎవరైనా బెదిరించారా అని జడ్జి వరుసగా అడుగుతాడు.

ఇది లోకజ్ఞానం, మనకెందుకు అని ఎవరైనా అంటారేమో. అపొస్తలుల కార్యములు 24వ అధ్యాయం ఒకసారి తీసి చూడండి. ఫేలిక్సు ఎదుట తెర్తుల్లు నేరాలు మోపినప్పుడు పౌలు ఏమన్నాడు? వాటిని వీరు రుజువు చేయలేరన్నాడు. నిజంగా ఆరోపణ ఉన్నవారు తన ఎదుటికి వచ్చి చెప్పాలన్నాడు. తరువాతి అధ్యాయంలో ఫేస్తు, నేరం మోపినవారిని ముద్దాయి ముఖాముఖిగా ఎదుర్కొని జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా ఎవరినీ అప్పగించడం రోమీయుల పద్ధతి కాదని అగ్రిప్పతో చెబుతాడు. 1988లో అమెరికా సుప్రీంకోర్టు, సాక్షులకూ ముద్దాయికీ మధ్య తెర పెట్టిన ఒక కేసులో, ఫేస్తు చెప్పిన ఆ మాటనే తీర్పులో ఎత్తి వ్రాసింది. (చిన్నపిల్లలు సాక్షులైనప్పుడు కొంత మినహాయింపును 1990లో ఒప్పుకున్నారు.) పౌలు రుజువు అడిగాడని మనమెవరమూ అతడిని అబద్ధికుడని అనలేదు గదా!

ఇక కేసు నడిచే దారి. అమెరికాలో ఒకే కోర్టుల వరుస లేదు. కేంద్ర ప్రభుత్వానికి ఒక వరుస, 50 రాష్ట్రాలకు దేనికదే ఒక వరుస. దొంగతనం, కొట్లాట, హత్య వంటివి చాలావరకు రాష్ట్రపు కోర్టులలోనే నడుస్తాయి. గనుక ఒక రాష్ట్రంలో చూసినది పక్క రాష్ట్రంలో అలాగే ఉండకపోవచ్చు. ప్రభుత్వం తరపున కేసు నడిపే డిస్ట్రిక్ట్ అటార్నీని చాలా రాష్ట్రాల్లో జనం ఓట్లు వేసి ఎన్నుకుంటారు. కొన్ని రాష్ట్రాల్లో జడ్జీలకు కూడా ఎన్నికలే. ఇది విని మా సంఘ పెద్ద ఒకాయన, “అయితే జడ్జిగారు కూడా చేతులు జోడించి వీధుల్లో తిరుగుతారా అయ్యగారూ?” అని నవ్వారు.

అరెస్టు చేసిన వానిని అదుపులో పెట్టుకుని ప్రశ్నించేముందు, మౌనంగా ఉండే హక్కు ఉందని, చెప్పినది నీ మీదికే రావచ్చని, వకీలు హక్కు ఉందని పోలీసులు చెప్పాలి. ఇది 1966 నాటి మిరాండా తీర్పు. మన పిల్లవాడు ఇక్కడే జారాడు. పోలీసులు రాకముందే దుకాణపు కాపలావాళ్లు వాడిని ఒక గదిలో కూర్చోబెట్టి ఒక కాగితం మీద సంతకం పెట్టమన్నారట. వాళ్లు పోలీసులు కారు గనుక ఆ హెచ్చరిక చేయవలసిన బాధ్యత సాధారణంగా వాళ్లకు లేదు. పెద్దల మాట వినే అలవాటు గల పల్లెటూరి పిల్లవాడు. సంతకం పెట్టేశాడు.

అరెస్టు తరువాత జడ్జి ఎదుటికి తేవడం, జామీను సంగతి తేల్చడం ఉంటుంది. పెద్ద నేరాలకు కేంద్ర కోర్టుల్లో గ్రాండ్ జూరీ అని ఒకటి ఉంటుంది. 16 నుండి 23 మంది పౌరులు రహస్యంగా కూర్చుని, కేసు పెట్టడానికి తగిన ఆధారం ఉందో లేదో చూస్తారు. 12 మంది ఒప్పుకుంటేనే అభియోగం నిలుస్తుంది. రాష్ట్రాలు ఈ పద్ధతి పాటించి తీరాలని లేదు, చాలాచోట్ల దాని బదులు జడ్జి ఎదుట ప్రాథమిక విచారణ జరుగుతుంది. ముద్దాయికి మేలు చేసే ఆధారం ఏదైనా ప్రభుత్వ ప్లీడరు దగ్గర ఉంటే దాచకుండా ఎదుటి పక్షానికి ఇవ్వాలని 1963లో బ్రేడీ కేసులో తీర్పు వచ్చింది.

విచారణకు వస్తే పెద్ద నేరాల్లో అది సాధారణంగా జూరీ ముందే. ఓటర్ల జాబితా, డ్రైవింగ్ లైసెన్సుల జాబితా వంటివాటి నుండి పేర్లు తీసి మామూలు పౌరులను పిలుస్తారు. రైతు రావచ్చు, నర్సు రావచ్చు, బస్సు డ్రైవరు రావచ్చు. రెండు పక్షాల వకీళ్లూ, జడ్జీ వాళ్లను ప్రశ్నించి, పక్షపాతం ఉన్నవారిని తీసివేస్తారు. 1986 నుండి, రంగును చూసి ఎవరినీ తీసివేయకూడదని కట్టడి ఉంది. సాధారణంగా 12 మంది, ఫ్లోరిడా వంటిచోట చాలా కేసులకు ఆరుగురే.

ముందు ప్రభుత్వ పక్షం సాక్షులు, వారికి ముద్దాయి వకీలు వేసే అడ్డు ప్రశ్నలు, తరువాత ముద్దాయి పక్షం. ముద్దాయి బోనెక్కి మాట్లాడనవసరం లేదు. మాట్లాడలేదు గనుక తప్పు చేసి ఉంటాడని ప్రభుత్వ ప్లీడరు జూరీతో అనడానికి కూడా వీల్లేదు, 1965లో ఆ కట్టడి వచ్చింది. చట్టం ఏమిటో జడ్జి చెబుతాడు, జరిగినది ఏమిటో జూరీ తేలుస్తుంది. సహేతుకమైన సందేహానికి తావు లేకుండా రుజువైతేనే శిక్ష. అందరూ ఒకే మాట మీదికి రావాలి. లూసియానా, ఓరెగాన్ రాష్ట్రాల్లో 12 మందిలో 10 మంది చాలుననే పద్ధతి చాలాకాలం నడిచింది గాని 2020లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. జూరీ ‘నాట్ గిల్టీ’ అంటే ప్రభుత్వం పై కోర్టుకు పోలేదు, అక్కడితో సరి. మన దేశంలో విడుదల మీద కూడా ప్రభుత్వం అప్పీలు చేయవచ్చు. మనకూ ఒకప్పుడు జూరీలుండేవి. 1959లో బొంబాయిలో నానావతి కేసులో జూరీ 8–1తో నిర్దోషి అన్నప్పుడు, ఆ తీర్పును ఒప్పుకోలేక జడ్జి హైకోర్టుకు పంపిన సంగతి పెద్దవారికి జ్ఞాపకం ఉండవచ్చు.

ఇదంతా విని నేను, “అయితే మనవాడి కేసు కూడా జూరీ ముందు నడుస్తుందన్నమాట” అన్నాను. నా స్నేహితుడు నవ్వాడు. ఆరు నెలలకు మించని శిక్ష పడే చిన్న నేరాలకు జూరీ ఇవ్వాలని రాజ్యాంగం సాధారణంగా కోరదు. అంతకన్నా పెద్ద సంగతి, అసలు విచారణ దాకా వచ్చే కేసులే బహు తక్కువ. 2012లో సుప్రీంకోర్టే ఒక తీర్పులో ఈ లెక్క చెప్పింది: కేంద్ర కోర్టుల్లో పడిన శిక్షల్లో 97 శాతం, రాష్ట్ర కోర్టుల్లో 94 శాతం, విచారణ లేకుండా ముద్దాయి ‘గిల్టీ’ అని ఒప్పుకోవడం వలన వచ్చినవే.

ఇంతమంది ఒప్పుకోవడం పశ్చాత్తాపం వలన కాదు. చాలావరకు అది బేరం. ‘ఈ చిన్న నేరం ఒప్పుకో, పెద్దది తీసేస్తాము’ అని ప్రభుత్వ ప్లీడరు అంటాడు. ఒప్పుకోకపోతే? కెంటకీ రాష్ట్రంలో హేయస్ అనే అతని కేసు చదివి నేను చాలాసేపు ఆలోచనలో పడ్డాను. 88 డాలర్ల 30 సెంట్ల దొంగ చెక్కు కేసు. ఒప్పుకుంటే 5 సంవత్సరాలు అడుగుతానన్నాడు ప్రభుత్వ ప్లీడరు. ఒప్పుకోకపోతే, పాత నేరాలు కూడా ఉన్నాయి గనుక, అలవాటుగా నేరాలు చేసేవాడనే చట్టం కింద అభియోగం పెడతానన్నాడు. అతడు ఒప్పుకోలేదు. ప్లీడరు అన్నంత పనీ చేశాడు. యావజ్జీవ శిక్ష పడింది. 1978లో సుప్రీంకోర్టు 5–4 మెజారిటీతో అది చెల్లుతుందన్నది. నలుగురు జడ్జీలకు మింగుడుపడనిది నాకూ పడలేదు. కోర్టుల మీద భారం తగ్గుతుందని, ముద్దాయికి కూడా శిక్ష తగ్గుతుందని వారు చెప్పే కారణాలు నేను కాదనను. కాని భయపడి పలికిన ‘గిల్టీ’ని ఒప్పుకోలు అనడానికి నాకు నోరు రాదు.

ఇటువంటి బేరం ముందు ఒంటరిగా నిలబడినవాడు ఏమి చేయగలడు? ఇక్కడ ఒక బీదవాని సంగతి చెప్పాలి. అతని పేరు క్లారెన్స్ ఎర్ల్ గిడియన్. మన బైబిలులో గిద్యోను అనే పేరే అది. కాని ఇతడు పరాక్రమశాలి కాదు. అంతకుముందు చాలాసార్లు జైలుకు వెళ్లి వచ్చిన, స్థిరమైన పని లేని మనిషి. 1961 జూన్‌లో ఫ్లోరిడాలోని పనామా సిటీలో ఒక ఆటల గదిలో దొంగలు పడి కొంత చిల్లర డబ్బు, కొన్ని సీసాలు ఎత్తుకుపోయారు. గిడియన్‌ను అక్కడ చూశానని ఒక సాక్షి చెప్పాడు. కోర్టులో గిడియన్ తనకు వకీలును ఇప్పించమని అడిగాడు. మరణశిక్ష పడే కేసుల్లో మాత్రమే ఇవ్వడానికి ఫ్లోరిడా చట్టం ఒప్పుకుంటుందని జడ్జి చెప్పాడు. గిడియన్ తన కేసు తానే వాదించుకున్నాడు. 5 సంవత్సరాల శిక్ష పడింది.

జైలులో ఇచ్చే గీతల కాగితం మీద, పెన్సిలుతో, అతడు దేశపు సుప్రీంకోర్టుకు అర్జీ వ్రాశాడు. అది 1962 జనవరిలో చేరింది. కోర్టు దాన్ని తీసుకుని, ఏబ్ ఫోర్టస్ అనే పేరున్న వకీలును అతని తరపున నియమించింది. 1963 మార్చి 18న తొమ్మిదిమంది జడ్జీలూ ఏకగ్రీవంగా, పెద్ద నేరం మోపబడిన బీదవానికి ప్రభుత్వం వకీలును ఇవ్వాలని తీర్పు చెప్పారు. తీర్పు వ్రాసిన హ్యూగో బ్లాక్, 1942లో ఇటువంటి కేసులోనే తక్కిన జడ్జీలతో విభేదించి ఓడిపోయినవాడు. 21 సంవత్సరాలు ఆగవలసి వచ్చింది.

తీర్పుతో గిడియన్ విడుదల కాలేదు, మళ్లీ విచారణ జరిగింది. 1963 ఆగస్టులో, అదే ఊరు, అదే జడ్జి, అదే ముఖ్య సాక్షి. ఈసారి ఫ్రెడ్ టర్నర్ అనే స్థానిక వకీలు పక్కన ఉన్నాడు. ఊరు తిరిగి సంగతులు తెలుసుకుని వచ్చి, ఆ సాక్షిని అడ్డు ప్రశ్నలతో నిలదీశాడు. జూరీ సుమారు ఒక గంటలో ‘నాట్ గిల్టీ’ అన్నది. గిడియన్ అప్పటికి రెండేళ్లు జైలులో గడిపాడు.

ఆ తీర్పు నుండే అమెరికాలో ఊరూరా పబ్లిక్ డిఫెండర్లు, అంటే ప్రభుత్వ జీతం మీద బీదవారి పక్షాన వాదించే వకీళ్లు, విస్తరించారు. జైలు శిక్ష వేసే చిన్న నేరాలకు కూడా 1972లో ఆ హక్కు వచ్చింది. ఒక్కొక్కరి నెత్తిన మోయలేనన్ని కేసులు ఉంటాయట, అది వేరే బాధ.

మన పిల్లల విషయానికి వస్తే గిడియన్ కేసుతో పాటు ఇంకొకటి తెలుసుకోవాలి. హోసే పదీయా అనే అతడు హోండురాస్ దేశంలో పుట్టినవాడు. 40 సంవత్సరాలకు పైగా అమెరికాలో ఉండి, వియత్నాం యుద్ధంలో అమెరికా పక్షాన పోరాడాడు, తరువాత లారీ నడిపాడు. గంజాయి రవాణా కేసులో, ‘ఇన్నేళ్లుగా ఉన్నావు, దేశం నుండి పంపేస్తారని భయపడకు’ అని తన వకీలు చెప్పిన మాట నమ్మి ‘గిల్టీ’ అన్నాడు. ఆ ఒప్పుకోలే అతడిని దేశం నుండి పంపేయడానికి కారణమయ్యేలా ఉంది. 2010లో సుప్రీంకోర్టు, పరదేశి ఒప్పుకునేముందు దాని వలన దేశంలో ఉండే హక్కుకు వచ్చే ప్రమాదాన్ని వకీలు చెప్పి తీరాలని తీర్పిచ్చింది.

నేను అరుగు మీద ఆ తల్లికి చెప్పిన సలహా ఎంత ప్రమాదమైనదో ఇప్పుడు మీకు తెలిసి ఉంటుంది. ఎంత చిన్నదైనా, దొంగతనాన్ని ఆ దేశపు వలస చట్టం సాధారణంగా నీతికి విరుద్ధమైన నేరాల్లో లెక్కిస్తుంది. కోర్టు వేసేది చిన్న జరిమానా కావచ్చు, వీసా సంగతి మాత్రం వేరే చోట తేలుతుంది. ‘ఇప్పుడు గిల్టీ అను, కొన్నాళ్లు బుద్ధిగా ఉంటే కేసు కొట్టేస్తాము’ అని రాష్ట్ర కోర్టు అన్నా, వలస చట్టం ఆ ఒప్పుకోలును శిక్షగానే చూడవచ్చు. దేశం నుండి పంపే విచారణ క్రిమినల్ కేసు కాదు గనుక అక్కడ ప్రభుత్వం ఉచితంగా వకీలును ఇవ్వదు. గిడియన్‌కు దొరికిన హక్కు ఆ తలుపు దగ్గర ఆగిపోతుంది.

ఆ సాయంత్రమే వారి ఇంటికి వెళ్లాను. “అమ్మా, నేను తెలియక చెప్పాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను” అన్నాను. మంచం మీద కూర్చున్న వాళ్ల నాన్న తలెత్తి చూశాడు. పాస్టరు తప్పు ఒప్పుకోవడం ఆయనకు కొత్తగా ఉన్నట్టుంది. అక్కడి నుండే పిల్లవాడికి ఫోను చేశాము. మొదటి వాయిదాలో ‘నాట్ గిల్టీ’ అనడం అబద్ధం కాదని వివరించాను. వకీలుతో మాత్రం సంచిలో ఏమేమి పెట్టాడో ఒక్కటి కూడా దాచకుండా చెప్పమన్నాను. వకీలుతో చెప్పినది వకీలు దగ్గరే ఉంటుంది, బయటపెట్టమని కోర్టు కూడా సాధారణంగా బలవంతం చేయదు. వలస చట్టం కూడా తెలిసిన వకీలునే చూసుకోమన్నాను. వాయిదాకు మాత్రం ఎగ్గొట్టవద్దని రెండుసార్లు చెప్పాను. రాకపోతే వారెంటు పుడుతుంది, అది ఉన్న కేసుకన్నా పెద్ద చిక్కు.

“అయ్యగారూ, ఆ దుకాణం వాళ్లకు క్షమాపణ ఉత్తరం వ్రాసి డబ్బు కూడా కట్టేద్దామనుకుంటున్నాను” అన్నాడు వాడు. నాకు సంతోషమైంది. వెంటనే, “ముందు వకీలును అడుగు నాయనా” అనవలసి వచ్చింది. అలా అంటుంటే నా నాలుక మీద చేదు తగిలింది.

వకీలు ఆగమన్నాడట. ఆ ఉత్తరం వాడి చేతి వ్రాతతో ఉన్న ఒప్పుకోలు అవుతుందని, కేసు తేలిన తరువాత వ్రాసుకోవచ్చని చెప్పాడట. వాడు ఉత్తరమైతే వ్రాసి పెట్టుకున్నాడు. తేదీ వేయలేదు. డబ్బు కూడా ఆ కవరులోనే ఉంది. వాయిదా ఇంకా మూడు వారాలుంది.